ఇంటర్వ్యూల కోసం తీసుకున్న సి పజిల్స్ కోర్సు: లింక్డ్ లిస్టులకి ఐదు స్టార్లు, అవుట్‌పుట్ ప్రశ్నలకి ఒక్కటీ ఇవ్వలేను

ముందే చెప్పేస్తున్నా, కోర్సు పేరు ఇక్కడ రాయడం లేదు. నా ఫిర్యాదు ఈ ఒక్క కోర్సుతో ఆగేది కాదు. ఇదే తప్పు ఉన్న ప్రశ్నల సెట్లు ఇంకో రెండు నా చేతికొచ్చాయి, కాబట్టి పేరు కంటే ఆ తప్పు ఎలా ఉంటుందో తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది. కోర్సు మాత్రం ఈ రకం: సి లాంగ్వేజ్‌లో పజిల్స్, అల్గారిథమ్ ప్రశ్నలు, కోడ్ అక్కడికక్కడే రాసి సబ్మిట్ చేసే ఎడిటర్, నెలకి రెండు మాక్ ఇంటర్వ్యూలు. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. నేను ఎంబెడెడ్, సిస్టమ్స్ వైపు ఉద్యోగాలకి ట్రై చేస్తున్నా, అక్కడ ఇంటర్వ్యూ సి లోనే జరుగుతుంది, "నాకు పైథాన్ అలవాటండీ" అంటే కుదరదు.

బాగున్నది ముందు చెప్తాను, ఎందుకంటే అది నిజంగా చాలా బాగుంది.

లింక్డ్ లిస్టుల సెక్షన్. లింక్డ్ లిస్టు అంటే ఒక్కో డబ్బా (నోడ్) తన తర్వాతి డబ్బా అడ్రస్‌ని దాచుకునే గొలుసు, ఆ అడ్రస్‌ని దాచే వేరియబులే పాయింటర్, బొమ్మలో బాణం. కోడ్ పక్కనే మెమరీ బొమ్మ ఉంటుంది, ఒక్కో లైన్ నడిపేకొద్దీ డబ్బాలూ బాణాలూ కదులుతాయి. లిస్టుని రివర్స్ చేసే ప్రశ్న అందరూ చేసేదే, నేనూ కాలేజీలో బట్టీపట్టి పరీక్ష రాసినవాడినే. ఇక్కడ మాత్రం మొదటిసారి నా తప్పు కళ్ళతో చూశాను. ఇప్పుడున్న నోడ్ బాణాన్ని వెనక్కి తిప్పేముందు తర్వాతి నోడ్ అడ్రస్ ఎక్కడా దాచుకోలేదు. అంతే, బాణం తిరిగిన మరుక్షణం మిగతా లిస్టంతా బొమ్మలో బూడిదరంగులోకి మారిపోయింది. ఆ నోడ్లన్నీ మెమరీలోనే ఉన్నాయి, కానీ వాటిని పట్టుకున్న పాయింటర్ ఒక్కటీ లేదు. "మూడు పాయింటర్లు పెట్టాలి" అని ఎన్నిసార్లు విన్నా ఎక్కనిది, ఆ బూడిదరంగు ఒక్కసారి చూస్తే ఎక్కింది.

నోడ్ డిలీట్ చేసే ప్రశ్న అయితే ఇంకా బాగా చెప్పారు. మనం మామూలుగా రాసేటప్పుడు, తీసేయాల్సింది మొదటి నోడ్ అయితే ఒక ఇఫ్, కాకపోతే ఇంకో దారి అని రాస్తాం. వీళ్ళు పాయింటర్‌కి పాయింటర్ తీసుకొచ్చి, "నోడ్‌ని పట్టుకోకు, ఆ నోడ్ వైపు చూపిస్తున్న బాణం ఎక్కడుందో దాన్ని పట్టుకో" అన్నారు. హెడ్ (మొదటి నోడ్‌ని చూపించేది) కూడా ఒక బాణమే, నోడ్ లోపలి నెక్స్ట్ (తర్వాతి నోడ్‌ని చూపించేది) కూడా ఒక బాణమే, రెండిటికీ తేడా లేదు, కాబట్టి ఆ ఇఫ్ మొత్తం ఎగిరిపోయింది. డబుల్ పాయింటర్ అంటే భయపడే ఎవరికైనా ఈ ఒక్క పాఠం చూపిస్తాను.

లిస్టులో లూప్ ఉందో లేదో కనిపెట్టడం, అదే ఒక పాయింటర్ ఒక్కో అడుగు, ఇంకోటి రెండేసి అడుగులు వేసే ఫ్లాయిడ్ పద్ధతి, ఇదీ అందరికీ తెలిసిందే. కానీ లూప్ మొదలయ్యే నోడ్ ఎలా దొరుకుతుందో చాలామంది "రెండూ కలిశాక ఒకదాన్ని హెడ్‌కి పంపు, రెండూ ఒక్కో అడుగు వెయ్యి" అని చెప్పి వదిలేస్తారు. ఎందుకు అనేది చెప్పరు. ఇక్కడ చెప్పారు: నెమ్మది పాయింటర్ నడిచిన అడుగుల కంటే వేగం పాయింటర్ సరిగ్గా రెట్టింపు నడిచింది. ఆ ఎక్కువ నడిచిందంతా లూప్ చుట్టూ తిరిగిందే. అంటే నెమ్మదిది నడిచిన దూరం లూప్ పొడవుకి పూర్తి గుణిజం. కాబట్టి కలిసిన చోటు నుంచి ఇంకా హెడ్-నుంచి-లూప్-మొదలుకి ఉన్నన్ని అడుగులు వేస్తే, సరిగ్గా లూప్ మొదటికే వస్తుంది. ఇంటర్వ్యూలో ఇది నోటితో చెప్పగలిగితే అవతలివాళ్ళ ముఖం మారుతుంది, నేను రెండుసార్లు చూశాను.

హింట్లు కూడా మెచ్చుకోవాలి. మూడు మెట్లుంటాయి, మొదటి హింట్ ఎప్పుడూ ప్రశ్నే. "ఇన్‌పుట్ ఖాళీగా వస్తే నీ రెండో లైన్‌లో ఏమవుతుంది?" ఇలా. జవాబు మూడో మెట్టులో కూడా పూర్తిగా ఇవ్వరు.

బైనరీ సెర్చ్ (వెతికే పరిధిని ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ పోవడం) దగ్గర ఒక మంచి పని చేశారు. కింది హద్దూ పై హద్దూ కలిపి రెండుతో భాగించే ఆ పాత లైన్, రెండు హద్దులూ పెద్దవైతే ఇంట్ (సి లో పూర్ణసంఖ్య రకం) పరిధి దాటిపోతుంది. 32 బిట్ల ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 2147483647. ఈ తప్పే జావా లైబ్రరీలో ఏళ్ళ తరబడి ఉందని 2006లో ఆ లైబ్రరీ రాసినవాళ్ళలో ఒకడైన జాషువా బ్లాక్ రాసేదాకా చాలామందికి తెలియదు. మామూలు అర్రే ఇచ్చి టెస్ట్ చేస్తే ఈ తప్పు బయటపడదు, అంత పెద్ద అర్రే ఎవరు పెడతారు? అందుకని వీళ్ళు అర్రే లేకుండా, ఒకటి నుంచి 2147483647 దాకా ఏదో ఒక సంఖ్యని కనిపెట్టే ప్రశ్నగా మార్చారు. నా కోడ్ మొదటి స్టెప్‌లోనే దారి తప్పి టైమ్ అవుట్ అయింది. కింది హద్దుకి, రెండిటి తేడాలో సగం కలిపితే సరిపోయింది. తప్పు చేయించి నేర్పడం అంటే ఇదీ.

హ్యాష్ టేబుల్ (పేరు ఇస్తే విలువని వెంటనే వెతికిపెట్టే పట్టిక) సి స్టాండర్డ్ లైబ్రరీలో లేదు కదా, దాన్ని మొదట్నుంచి మనతోనే రాయిస్తారు, కొలిజన్లకి (రెండు పేర్లు ఒకే గదికి వస్తే) లిస్టులు కట్టిస్తారు. కష్టంగా ఉంటుంది, తప్పదు. ట్రీలు, డైనమిక్ ప్రోగ్రామింగ్ ఫర్వాలేదు, వేరేచోట దొరికేలాగే ఉన్నాయి, వాటి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. బిట్ ట్రిక్కులు సరదాగా ఉన్నాయి. ఒక సంఖ్యలో ఎన్ని ఒకట్లున్నాయో లెక్కపెట్టడానికి ఎన్ & (ఎన్ - 1) చేస్తూ పోతే, ప్రతిసారీ చివరి ఒకటి చెరిగిపోతుంది, సున్నా అయ్యేదాకా ఎన్నిసార్లు చేశామో అదే జవాబు. దీన్ని కోర్సులో కెర్నిగన్ ట్రిక్ అన్నారు, అందరూ అలాగే అంటారు, కానీ 1960లోనే పీటర్ వెగ్నర్ దీన్ని ప్రచురించాడు, ఆ పేరు కూడా చెప్పుంటే బాగుండేది.

ఇప్పుడు అసలు సంగతి.

"అవుట్‌పుట్ చెప్పండి" అని ఒక పెద్ద సెక్షన్ ఉంది. అందులో ఐ విలువ 5 ఇచ్చి, ప్రింట్ఎఫ్‌లో (స్క్రీన్ మీద రాసే ఫంక్షన్) వరసగా ఐ, ఐ++ (పాత విలువ ఇచ్చి తర్వాత ఒకటి పెంచడం), ++ఐ (ముందు పెంచి కొత్త విలువ ఇవ్వడం) అని మూడు ఇచ్చి ఏం వస్తుందని అడుగుతారు. కోర్సు చెప్పే జవాబు 7 6 6. వివరణ: ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కి ఇచ్చే విలువలు) కుడి నుంచి ఎడమకి స్టాక్‌లోకి (మెమరీలో ఒక భాగం) వెళ్తాయి, కాబట్టి ముందు ++ఐ లెక్కవుతుంది, తర్వాత ఐ++, చివరికి ఐ. చదవడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి. నేను ఇలాంటివి అరవై దాకా చేశాను, వీళ్ళ లెక్క ప్రకారం దాదాపు అన్నీ కరెక్టు, స్కోర్ చూసి చాలా ధైర్యం వచ్చింది.

తర్వాత ఒక నిజమైన ఇంటర్వ్యూలో, రెండో రౌండ్‌లో, ఒకావిడ సరిగ్గా ఇదే లైన్ స్క్రీన్ మీద పెట్టారు. నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. "7 6 6 అండీ, కుడి నుంచి ఎడమకి స్టాక్‌లోకి వెళ్తాయి కాబట్టి" అన్నాను.

"ఏ కంపైలర్‌లో?" అన్నారు.

"ఏ కంపైలర్‌లో అయినా అంతే కదండీ" అన్నాను.

ఆవిడ ఏమీ అనకుండా కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ (వేరువేరు కంపైలర్లలో కోడ్ నడిపి చూపే వెబ్‌సైట్) తెరిచి, ఆ కోడ్‌నే జీసీసీ అనే కంపైలర్‌లో ఒకవైపు, క్లాంగ్ అనే కంపైలర్‌లో ఇంకోవైపు పెట్టి నడిపారు. జీసీసీలో 7 6 7 వచ్చింది. క్లాంగ్‌లో 5 5 7 వచ్చింది. నేను చెప్పిన 7 6 6 రెండిట్లోనూ లేదు. "నేను నంబర్ కోసం అడగలేదండీ, ఈ లైన్ మీ దగ్గరికి కోడ్ రివ్యూకి వస్తే మీరేమంటారో విందామని అడిగాను" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు. కానీ ఆ తర్వాత అరగంట నేను తేరుకోలేదు, ఆపైన అడిగిన మెమ్‌కాపీ, మెమ్‌మూవ్ (మెమరీని కాపీ చేసే రెండు ఫంక్షన్లు) తేడా, అది నాకు బాగా తెలిసిందే, అది కూడా తడబడుతూ చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు. అది ఒక్క ప్రశ్న వల్లే పోయిందని అనను, కానీ తెలియనిదాన్ని తెలుసనుకుని అంత నమ్మకంగా చెప్పడం నాకు నేర్పింది మాత్రం ఈ సెక్షనే.

ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల మధ్య ఉండే కామా వరసని నిర్ణయించేది కాదు. ఏది ముందు లెక్కకట్టాలో స్టాండర్డ్ (సి భాష అధికారిక నియమాల పుస్తకం) చెప్పదు, కంపైలర్ ఇష్టం. దానికి తోడు ఒకే వేరియబుల్‌ని మధ్యలో సీక్వెన్స్ పాయింట్ (అప్పటిదాకా చేసినవన్నీ పూర్తవ్వాలి అనే హద్దు) లేకుండా రెండుసార్లు మార్చితే అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్. అంటే ఏం వచ్చినా కంపైలర్‌ది తప్పు కాదు, ఆ కోడ్ రాసినవాళ్ళదే తప్పు. ఈ రూల్ కొత్తదేం కాదు, 1989లో వచ్చిన మొదటి స్టాండర్డ్‌లోనే ఉంది. ఇంకా నన్ను బాధపెట్టిన విషయం, ఆ "స్టాక్" వివరణ. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల 64 బిట్ లినక్స్‌లో మొదటి ఆరు ఇంటీజర్ ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లో) వెళ్తాయి, మన ప్రింట్ఎఫ్‌లో ఉన్నది ఫార్మాట్ స్ట్రింగ్‌తో కలిపి నాలుగే. అంటే అక్కడ స్టాక్‌లోకి వెళ్ళే ఆర్గ్యుమెంటే లేదు. వివరణ మొత్తం వేరే కాలం నాటి మెషీన్‌ది.

ఏ కాలందో కూడా తెలుస్తోంది. అదే సెక్షన్‌లో ఇంట్ సైజు రెండు బైట్లని రాసిన ప్రశ్నలున్నాయి, వాయిడ్ మెయిన్ ఉంది, కోనియో హెడర్ ఉంది. ఇవన్నీ డాస్ మీద టర్బో సి నడిచిన రోజులవి, 16 బిట్ల ఇంట్ రోజులవి. ఆ రోజుల్లో ఒక కంపైలర్‌లో వచ్చిన అవుట్‌పుట్‌ని ఎవరో రాసిపెట్టుకున్నారు, అది అలా ఒకరి నుంచి ఒకరికి కాపీ అవుతూ వచ్చి, ఇప్పుడు డబ్బు కట్టే కోర్సులో సరైన జవాబు అయి కూర్చుంది.

సెక్షన్ అంతా ఇలాంటిదే అనడం అన్యాయం. అందులోనే మంచి ప్రశ్నలూ ఉన్నాయి. మైనస్ ఒకటి, సైజ్ఆఫ్ ఇంట్ (ఇంట్ ఎన్ని బైట్లో చెప్పేది) కంటే చిన్నదా? కాదు, ఎందుకంటే సైజ్ఆఫ్ ఇచ్చేది అన్‌సైన్డ్ (నెగటివ్ లేని రకం), దానితో పోల్చేటప్పుడు మైనస్ ఒకటి కాస్తా అతి పెద్ద సంఖ్య అయిపోతుంది. ఇది ట్రిక్ ప్రశ్నలా ఉంటుంది గానీ నిజమైన కోడ్‌లో నిజమైన బగ్గులు పుట్టించేది. అలాగే సి లో ఒక్క అక్షరాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టి సైజ్ఆఫ్ అడిగితే ఒకటి కాదు, ఇంట్ సైజు వస్తుంది, సి++ లో మాత్రం ఒకటే వస్తుంది. స్ట్రక్ట్‌లో క్యార్, ఇంట్, క్యార్ అని వరసగా పెడితే మామూలు 64 బిట్ మెషీన్ మీద 12 బైట్లు, ఇంట్‌ని ముందుకి తెస్తే 8. ఇవి భాష ఎలా పనిచేస్తుందో నేర్పే ప్రశ్నలు. బాధేమిటంటే ఇవీ, ఆ 7 6 6 రకంవీ ఒకే వరసలో, ఒకే రకం ఆకుపచ్చ టిక్కుతో ఉంటాయి, కొత్తగా నేర్చుకునేవాడికి ఏది గట్టిదో ఏది బూటకమో తేడా తెలిసే దారి లేదు.

సపోర్ట్‌కి రాశాను. రెండు కంపైలర్ల అవుట్‌పుట్ పెట్టాను, జీసీసీలో డబ్ల్యూ-ఆల్ ఫ్లాగ్ (వార్నింగులు చూపమనే ఆప్షన్) పెడితే అదే లైన్‌కి "ఐ మీద చేసే పని అన్‌డిఫైన్డ్ కావచ్చు" అని వార్నింగ్ వస్తుందని కూడా చూపించాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది: ఇంటర్వ్యూల్లో ఇవే అడుగుతారు, ఈ జవాబే చెప్పండి అని. నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా వస్తోంది. మన దగ్గర డబ్బు తీసుకుని నేర్పుతున్నవాళ్ళు, తప్పని చూపించాక కూడా అదే చెప్పమంటే ఎలా? ఒకవేళ అడిగే కంపెనీలో ఎవరైనా 7 6 6 అనే జవాబు కోసమే అడిగినా, "ఇది అన్‌డిఫైన్డ్, నేనైతే మూడు లైన్లుగా విడగొట్టి రాస్తాను" అని చెప్పి, పాత కంపైలర్లలో 7 6 6 రావచ్చని కూడా చేరిస్తే వచ్చే నష్టమేమీ లేదు. అదీ నేర్పొచ్చు కదా.

కోడ్ చెక్ చేసే జడ్జ్ గురించి కూడా చెప్పాలి. స్ట్రింగ్‌ని కాపీ చేసే ప్రశ్నలో నేను మాలాక్‌కి (మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్) స్ట్రింగ్ పొడవే ఇచ్చాను, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నా కోసం ఒకటి కలపడం మర్చిపోయాను. అన్ని టెస్టులూ పాస్. ఆకుపచ్చ టిక్కు. ఇలా ఎందుకు పాసవుతుందంటే, 64 బిట్ లినక్స్‌లో జీలిబ్‌సి (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) మాలాక్ మనం పది బైట్లు అడిగినా లోపల 24 బైట్ల చోటు ఇస్తుంది, ఒక బైట్ ఎక్కువ రాసినా చిన్న స్ట్రింగులకి ఏమీ విరగదు. అదే కోడ్‌ని నా లాప్‌టాప్‌లో అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) పెట్టి నడిపితే మొదటి రన్‌లోనే హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో (తీసుకున్న మెమరీ దాటి రాయడం) అని, ఏ లైన్‌లో రాశానో, ఆ మెమరీ ఏ లైన్‌లో తీసుకున్నానో రెండూ చూపించి ఆగిపోయింది. ఇది జీసీసీలో 2013 నుంచీ ఉచితంగా ఉన్న సదుపాయం. సి నేర్పే కోర్సు జడ్జ్‌లో ఇది ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాదు.

ఇంకోటి, ఇది నా రాత్రి ఒకటి తినేసింది. బిట్ ట్రిక్కుల్లో మూడో వేరియబుల్ లేకుండా ఎక్సార్‌తో (రెండు బిట్లు వేరైతేనే ఒకటి ఇచ్చే ఆపరేషన్) రెండు విలువలు మార్చుకోవడం నేర్పించి, "ఇంటర్వ్యూలో ఇది రాస్తే బాగా ఇంప్రెస్ అవుతారు" అని రాశారు. సరే అని దాన్నే ఫంక్షన్‌గా రాసి నా క్విక్ సార్ట్‌లో పెట్టుకున్నాను. సార్ట్ అయిన అర్రేలో అక్కడక్కడా సున్నాలు. ఇన్‌పుట్‌లో ఒక్క సున్నా కూడా లేదు. పార్టిషన్ (అర్రేని చిన్నవీ పెద్దవీ అని రెండుగా విడగొట్టే భాగం) లాజిక్ తప్పేమో అని జీడీబీ అనే డీబగ్గర్‌లో రెండు గంటలు వెతికాను. చివరికి తేలిందేమిటంటే, పార్టిషన్ చేసేటప్పుడు ఒక్కోసారి ఎలిమెంట్‌ని దానితోనే మార్చుకోవాల్సి వస్తుంది, రెండు పాయింటర్లూ ఒకే చోటుని చూపిస్తుంటే ఎక్సార్ దాన్ని సున్నా చేసేస్తుంది. ఈ హెచ్చరిక కోర్సులో ఒక్క ముక్క లేదు. ఇప్పుడు నేను తాత్కాలిక వేరియబుల్ పెట్టే రాస్తాను, ఎక్సార్ గురించి అడిగితే ఈ సున్నాల కథ చెప్తాను.

వాళ్ళ మోడల్ సొల్యూషన్‌లోనే ఇంకో తప్పు: క్యూసార్ట్‌కి (సి లైబ్రరీలోని సార్ట్ ఫంక్షన్) ఇచ్చే కంపేర్ ఫంక్షన్‌లో ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి ఆ తేడానే రిటర్న్ చేశారు. పెద్ద నెగటివ్, పెద్ద పాజిటివ్ కలిస్తే అది కూడా ఓవర్‌ఫ్లోయే. బైనరీ సెర్చ్‌లో అంత బాగా నేర్పినవాళ్ళు ఇక్కడ ఇలా ఎలా వదిలేశారో. రెండు సెక్షన్లూ రాసింది వేరువేరు మనుషులని మాత్రం స్పష్టంగా తెలుస్తోంది.

మాక్ ఇంటర్వ్యూలు అదృష్టం మీద ఆధారపడి ఉంటాయి. ఒక మెంటర్ నన్ను కోడ్ ముట్టుకోనివ్వలేదు, ముందు పది నిమిషాలు నోటితో చెప్పించారు, ఖాళీ లిస్టు, ఒక్క నోడ్ లిస్టు, చివరి నోడ్ అంటూ ఒక్కొక్కటీ అడిగించారు, మధ్యలో నేను మౌనంగా ఉంటే "ఇప్పుడేం ఆలోచిస్తున్నారో అదే పైకి చెప్పండి" అన్నారు. నాకు టెన్షన్ తగ్గింది ఆయన వల్లే. ఇంకో మెంటర్ ముందున్న షీట్‌లోంచి ప్రశ్న చదివి, జవాబు చదివి, ముగించారు. ఎవరు వస్తారో ఎంచుకునే వీలు లేదు.

ఇప్పుడు నేను దీన్ని వాడే పద్ధతి వేరు. లింక్డ్ లిస్టులు, సెర్చ్, హ్యాష్ టేబుల్ అన్నీ వాళ్ళ హింట్లతోనే చేస్తాను. సబ్మిట్ చేసేముందు మాత్రం నా మెషీన్‌లో డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా, అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ అన్నీ పెట్టి నడుపుతాను, అక్కడ శుభ్రంగా వస్తేనే పంపుతాను. అవుట్‌పుట్ ప్రశ్నల్లో ఒకే వేరియబుల్‌కి రెండు ప్లస్ ప్లస్‌లు కనబడితే జవాబు పెట్టకుండా దాటేస్తాను, స్కోర్ పడిపోతోంది, పడిపోనివ్వండి.

మీరు ఇలాంటి కోర్సు ఏదైనా తీసుకునేముందు ఫ్రీ ట్రయల్ ఉంటే ఈ రెండు పనులు చేయండి. ఐ++ ప్రశ్న ఒకటి వెతికి దాని జవాబులో "అన్‌డిఫైన్డ్" అనే మాట ఉందేమో చూడండి. తర్వాత కావాలనే మాలాక్‌లో ఒక బైట్ తక్కువ ఇచ్చి సబ్మిట్ చేయండి, జడ్జ్ పట్టుకుంటుందో లేదో తెలిసిపోతుంది. పావుగంట పని.

నా చందా ఇంకో నాలుగు నెలలుంది, గ్రాఫుల సెక్షన్ మిగిలుంది, అది లింక్డ్ లిస్టులు రాసినవాళ్ళే రాసినట్టున్నారు, మెమరీ బొమ్మలు అవే, కాబట్టి పూర్తిచేస్తాను. రెన్యూ చేయడం మాత్రం ఆ అవుట్‌పుట్ సెక్షన్ సరిచేస్తేనే. నిన్న రాత్రి కూడా ఆ ప్రశ్న తెరిచి చూశాను, జవాబు దగ్గర ఇంకా 7 6 6 అనే ఉంది.